కొవిడ్ కాలంలో ఫుడ్ డెలివరీ యాప్‌లు: బ్యాడ్జీ కన్నా గడియారం ముఖ్యం

కొవిడ్ వచ్చాక ఫుడ్ డెలివరీ యాప్‌లు కొత్తగా తెచ్చిన సదుపాయాల్లో నిజంగా అక్కరకొచ్చింది కాంటాక్ట్‌లెస్ డెలివరీ, అంటే రైడర్ ఎదురుపడకుండా ప్యాకెట్‌ను గుమ్మం దగ్గర పెట్టి వెళ్లడం. వంటవాళ్ల ఒంటి వేడి రాసిన టెంపరేచర్ కార్డులు, ‘సేఫ్ కిచెన్’ బ్యాడ్జీలు, ఆకుపచ్చ టిక్కులు చూస్తే అప్పట్లో కాస్త ధైర్యంగా అనిపించేది, కానీ వాటిని చూసి హోటల్ ఎంచుకోవడం దండగ. చూడాల్సింది సమయం. వంట పొయ్యి మీంచి దిగిన దగ్గర్నుంచి ప్యాకెట్ మీ గుమ్మంలోకి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు గడిచాయో యాప్ ఎక్కడా నేరుగా చెప్పదు. తిండి చెడేదీ, రుచి పోయేదీ, రీఫండ్ గొడవలు మొదలయ్యేదీ ఎక్కువగా ఆ నిమిషాల్లోనే.

ముందు ప్యాకెట్ మీది భయం సంగతి చూద్దాం. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించిన కొద్దిరోజులకే ఒక ల్యాబ్ అధ్యయనం బయటికొచ్చింది. వైరస్ అట్టపెట్టె మీద 24 గంటల వరకు, ప్లాస్టిక్, స్టీలు మీద 72 గంటల వరకు బతికి ఉండగలదని అందులో తేలింది. ఆ అంకెలు విని జనం ప్యాకెట్లను ఎండలో పెట్టారు, సబ్బునీళ్లతో కడిగారు, కొందరు డబ్బాల మీద బ్లీచింగ్ నీళ్లు కూడా కొట్టారు. అదే అధ్యయనంలో ఉన్న ఇంకో అంకెను పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు: ప్లాస్టిక్ మీద దాదాపు ప్రతి ఏడు గంటలకూ వైరస్ సగానికి సగం తగ్గిపోతూ వచ్చింది. 72 గంటలన్నది ఆనవాలు దొరికిన చివరి గడువు. ఆ తర్వాత 2021 ఏప్రిల్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, వైరస్ అంటిన వస్తువును ఒకసారి తాకితే జబ్బు సోకే అవకాశం సాధారణంగా పది వేలలో ఒకటి కన్నా తక్కువని లెక్కగట్టింది. తిండి వల్ల గానీ ప్యాకింగ్ వల్ల గానీ కొవిడ్ వ్యాపిస్తోందనడానికి నమ్మదగిన ఆధారాలు దొరకలేదు. వైరస్ ప్రధానంగా పాకేది గాలిలో. అంటే జాగ్రత్తపడాల్సింది తలుపు దగ్గర ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే ఆ నిమిషంలో.

అందుకని ప్యాకెట్ విషయంలో చేయాల్సిన పని చిన్నదే. బయటి కవరు విప్పి చెత్తబుట్టలో వేయండి. తిండిని ఇంట్లో గిన్నెల్లోకి మార్చుకోండి. ఖాళీ డబ్బాలు పారేసి, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కుని తినడానికి కూర్చోండి. సబ్బు అందుబాటులో లేకపోతే కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడండి. తిండి ఉన్న డబ్బా మీద శానిటైజర్, బ్లీచ్ లాంటివి మాత్రం స్ప్రే చేయొద్దు. ఈ డబ్బాల మూతలు అంత బిగువుగా ఉండవు, ఆవిరి పోవడానికి చిల్లులు పెట్టినవీ ఉంటాయి. కొట్టిన మందు అంచుల్లోంచి తిండిలోకి దిగుతుంది.

టెంపరేచర్ కార్డు ఎందుకు పనికిరాదంటే, కొవిడ్ సోకిన మనిషి జ్వరం రాకముందే, లక్షణాలు కనపడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటించగలడు. కొందరికి అసలు జ్వరమే రాదు. పొద్దున డ్యూటీకి వచ్చినప్పుడు నుదుటి దగ్గర తుపాకీలాంటి థర్మామీటర్ పెట్టి రాసిన అంకె, సాయంత్రం మీ ఆర్డర్ ప్యాక్ చేసిన మనిషి గురించి చెప్పేది చాలా తక్కువ. ప్యాకింగ్‌లో నిజంగా విలువున్నది సీల్. కవరు ముడి మీదుగా, లేదా డబ్బా మూతనూ అడుగునూ కలుపుతూ అతికించిన స్టికర్, విప్పితే చిరిగిపోయే రకమై, చిరగకుండా ఉంటే మధ్యలో ఎవరూ తెరవలేదని అర్థం. ఒట్టి స్టేప్లర్ పిన్నును సీల్ కింద లెక్క వేయొద్దు. పిన్ను తీసి మళ్లీ కొట్టొచ్చు, పైగా అది ఊడి తిండిలో పడే ప్రమాదం కూడా ఉంది.

కాంటాక్ట్‌లెస్ డెలివరీ 2020 జనవరి చివర్లో చైనాలోని వూహాన్‌లో మెయ్‌తువాన్ అనే ఫుడ్ డెలివరీ యాప్ మొదలుపెట్టింది. కొద్ది నెలల్లో ప్రపంచంలోని పెద్ద యాప్‌లు దాదాపు అన్నీ అదే దారి పట్టాయి. ఆలోచన చాలా మంచిది, పైగా రెండు వైపులా మేలు చేస్తుంది: రోజుకు పదుల కొద్దీ గుమ్మాలు ఎక్కి దిగే రైడర్‌కి మీకన్నా ఎక్కువ రక్షణ కావాలి. అయితే ఆ బటన్ నొక్కితే చాలు, మిగతాదంతా దానంతటదే జరిగిపోతుందనుకోవద్దు. కొన్ని సరిచూసుకోవాలి.

మొదటిది చెల్లింపు. ముందుగా ఆన్‌లైన్‌లో కడితేనే ఇది అసలు అర్థంలో కాంటాక్ట్‌లెస్. క్యాష్ పెడితే చాలా యాప్‌లలో ఆ ఆప్షన్ మాయమవుతుంది. ఉన్నా నోటు ఇచ్చి చిల్లర తీసుకోవడానికి ఎదురుపడక తప్పదు. రెండోది లొకేషన్ పిన్. ఎత్తయిన భవనాల మధ్య జీపీఎస్ సిగ్నల్ గోడలకు తగిలి తిరిగొస్తుంది కాబట్టి ఫోన్ దానంతటది పట్టుకున్న చోటు పదుల మీటర్లు పక్కకు పోవచ్చు. పిన్ వెనక వీధిలో పడిందంటే రైడర్ అక్కడికే వెళ్తాడు. మ్యాప్‌ను బాగా పెద్దది చేసి, పిన్‌ను వేలితో లాగి సరిగ్గా గేటు మీద పెట్టి, ఆ చిరునామాను సేవ్ చేసుకోండి. పాత చిరునామాలు నాలుగైదు సేవ్ అయి ఉంటే యాప్ ఒక్కోసారి పాతదాన్నే ఎంచుకుంటుంది. డబ్బు కట్టే ముందు ఆ వరుస ఒక్కసారి చదవాలి.

మూడోది సూచనల పెట్టె. రైడర్ దీన్ని బండి మీద, చిన్న స్క్రీన్ మీద, హెల్మెట్‌లోంచి చదువుతాడు. మూడు లైన్ల విజ్ఞప్తి రాస్తే మొదటి కొన్ని మాటలే కంటపడతాయి. ‘రెండో అంతస్తు, ఎడమ తలుపు. స్టూలు మీద పెట్టి బెల్ కొట్టండి’ అని రాస్తే సరిపోతుంది. ఆ స్టూలు నిజంగా పెట్టండి. నేల మీద పెట్టిన ప్యాకెట్‌ను కుక్కలు, పిల్లులు, చీమలు, గుమ్మం తుడిచే తడి ఏవీ వదలవు. ఇంట్లో కొవిడ్ పేషెంట్ ఉంటే ఆ మాట సూచనలో మొట్టమొదట రాయాలి, ‘ఇంట్లో కొవిడ్ ఉంది, బయటే పెట్టండి’ అని. రైడర్ మెట్లు దిగి వెళ్లాక రెండు నిమిషాలు ఆగి, పేషెంట్ కాని మనిషి మాస్క్ పెట్టుకుని తలుపు తీయాలి.

ఇక్కడ తరచూ జరిగే తప్పు ఒకటుంది: ప్యాకెట్ రాకముందే ‘డెలివర్ అయింది’ అని మెసేజ్ వస్తుంది. రైడర్ గేటు దగ్గరికి రాగానే బటన్ నొక్కేసి ఉండొచ్చు, లేదా పక్క బ్లాక్‌లో అదే నంబరున్న తలుపు ముందు పెట్టి ఉండొచ్చు. యాప్‌లో పెట్టిన చోటు ఫొటో ఉంటే ముందు దాన్ని చూడండి. తలుపు రంగు, చెప్పుల స్టాండు, నేల మీది టైల్స్ చూస్తే అది మీ గుమ్మమో కాదో తెలిసిపోతుంది. కాకపోతే వెంటనే రైడర్‌కి ఫోన్ చేయాలి. ఆర్డర్ ముగిసిన కాసేపటికి యాప్ ఆ నంబర్‌ను మూసేస్తుంది. ఓటీపీ అడిగే యాప్ అయితే దాన్ని ఫోన్‌లోనో, మూసిన తలుపు వెనక నుంచో చెప్పండి. అయితే మనిషి వచ్చి తలుపు ముందు నిలబడ్డాకే చెప్పాలి.

ఇక గడియారం. యాప్ చూపించే ‘35 నిమిషాలు’ ఒకే అంకెలా కనిపించినా దానిలో నాలుగు ముక్కలున్నాయి: హోటల్ ఆర్డర్ ఒప్పుకుని వండడం, రైడర్ దొరకడం, రైడర్ కౌంటర్ దగ్గర ఆగడం, అక్కడి నుంచి మీ ఇంటికి రావడం. యాప్ ఈ ముక్కలను పాత ఆర్డర్ల సరాసరి చూసి అంచనా వేస్తుంది. మహమ్మారిలో ఆ పాత సరాసరి పనికిరాకుండా పోయింది. వంటగదిలో సగం మందే ఉన్నారు. కూర్చుని తినేవాళ్లు లేక, ఆర్డర్లన్నీ యాప్‌ల మీంచే వచ్చిపడ్డాయి. కర్ఫ్యూ వల్ల రాత్రి భోజనాల ఆర్డర్లు గంట గంటన్నరలో కుక్కుకున్నాయి. అందుకే అంచనా 35 చూపించి, ఆర్డర్ పెట్టాక 50, తర్వాత 65 అవుతూ పోయేది.

ఆలస్యాలన్నీ ఒక రకం కావన్నది ఇక్కడ గమనించాల్సిన విషయం. వంట కాక రైడర్ ఎదురుచూశాడంటే తిండి లేటుగా వచ్చినా వేడిగానే వస్తుంది. వంట అయిపోయి రైడర్ దొరకలేదంటే తిండి కౌంటర్ మీద చల్లారుతూ కూర్చుంటుంది. యాప్‌లో ఈ రెంటినీ విడదీసి చూడొచ్చు. మ్యాప్‌లో బండి బొమ్మ హోటల్ దగ్గర నిలబడి, స్టేటస్ ‘తయారవుతోంది’ అంటే ఓపిక పట్టండి. ‘ఆర్డర్ రెడీ’ అని చూపిస్తూ ‘రైడర్ కోసం చూస్తున్నాం’ అని పది పదిహేను నిమిషాలు ఉండిపోతే అది చెడ్డ సూచన. చాట్‌లోకి వెళ్లి అప్పుడే రాతపూర్వకంగా అడగండి, తర్వాత రీఫండ్‌కి ఆ రాత పనికొస్తుంది. కొన్ని హోటళ్లు రైడర్ త్వరగా రావాలని వంట కాకముందే ‘రెడీ’ నొక్కుతాయి. అనుమానమొస్తే హోటల్‌కే ఫోన్ చేసి ప్యాక్ చేశారా అని అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. ఇక బండి బొమ్మ మీ ఇంటి వైపు వస్తూ వస్తూ వేరే దారి పట్టిందంటే రైడర్ చేతిలో ఇంకో ఆర్డర్ ఉందని అర్థం. రెండు ఆర్డర్లు కలిపి ఇచ్చింది యాప్. దానికి రైడర్‌ను తిట్టడం అన్యాయం.

ఈ నిమిషాలకు ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, వండిన తిండిలో సూక్ష్మజీవులు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య చురుగ్గా పెరుగుతాయి. ఆ మధ్య వేడిలో తిండి రెండు గంటలకు మించి ఉండకూడదు. చుట్టూ ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఈ లెక్క మీ టేబుల్ మీద మొదలవదు, హోటల్ కౌంటర్ మీద మొదలవుతుంది. రైడర్ బ్యాగు తిండిని వేడి చేయదు, చల్లారడాన్ని నెమ్మదింపజేస్తుందంతే. పల్చటి ప్లాస్టిక్ డబ్బాలో, పక్కనే చల్లటి కూల్‌డ్రింక్ సీసా పెట్టుకుని వచ్చిన తిండి ఇంకా త్వరగా చల్లబడుతుంది. అందుకే చల్లటివి వేరే కవర్లో పెట్టమని సూచనల్లో రాయడం మంచిది.

గోరువెచ్చగా వస్తే ఏం చేయాలి? గ్రేవీ ఉన్నవి, సూపులు గిన్నెలో పోసి బాగా మరిగించండి. ముక్క మధ్యలో కూడా 74 డిగ్రీలు చేరాలి. వంటింటి థర్మామీటర్ లేకపోతే పొగలు కక్కుతూ అంతటా కుతకుతలాడేదాకా కలుపుతూ ఉంచండి. మైక్రోవేవ్‌లో అయితే సగంలో తీసి కలపాలి, ఎందుకంటే అది అంచులను కాల్చి మధ్యలో చల్లగా వదిలేస్తుంది. వండిన అన్నం విషయంలో మాత్రం మళ్లీ వేడిచేయడాన్ని నమ్ముకోవద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలిచి విషం వదులుతాయి, ఆ విషం వేడికి విరగదు. రెండు గంటలు దాటి వచ్చిన అన్నాన్ని పారేయడమే సరైన పని. మిగిలిన తిండిని లోతు లేని గిన్నెల్లో పరిచి, త్వరగా ఫ్రిజ్‌లో పెట్టండి. లోతైన డబ్బాలో నింపితే మధ్య భాగం చల్లబడడానికి చాలాసేపు పడుతుంది.

వచ్చిన డబ్బాతోనే మైక్రోవేవ్‌లో పెట్టే ముందు దాన్ని తిరగేసి అడుగు చూడండి. త్రికోణంలో 5 అని ఉంటే పాలీప్రొపిలీన్, సాధారణంగా వేడిని తట్టుకుంటుంది, అయినా ‘మైక్రోవేవ్ సేఫ్’ అన్న గుర్తు ఉందో లేదో చూడాలి. 6 అంటే పాలీస్టైరీన్, 1 అంటే పెట్ ప్లాస్టిక్. ఈ రెండూ పెట్టకూడదు. అంకే లేకపోతే గాజు గిన్నెలోకో పింగాణీలోకో మార్చేయండి.

దూరం విషయంలో మా సలహా: వేళ కాని వేళ అయితే కాస్త దూరమైనా పర్లేదు, భోజనాల రద్దీలో మాత్రం 3 కిలోమీటర్లలోపు హోటళ్లే చూడండి. రద్దీ మొదలవడానికి అరగంట ముందు పెట్టిన ఆర్డర్ మిగతా అన్ని చిట్కాలకన్నా బాగా పనిచేస్తుంది. వేయించినవి డబ్బాలో ఆవిరికి మెత్తబడతాయి, అది హోటల్ తప్పు కాదు. మూతకు చిల్లులున్న అట్టపెట్టెలో పంపే హోటల్ దొరికితే దాన్నే పట్టుకోండి. సాస్‌లు, డ్రెస్సింగ్‌లు విడిగా పంపమంటే సగం సమస్య తీరుతుంది.

ధరల సంగతి. హోటల్ నుంచి యాప్ తీసుకునే కమీషన్ సాధారణంగా 15 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఆ భారాన్ని దించుకోవడానికి చాలా హోటళ్లు యాప్ మెనూలో ధరలు పెంచుతాయి. 2020లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో లాంటి నగరాలు కమీషన్‌ను 15 శాతానికి కట్టడి చేశాయి. ఇలా కట్టడి చేసిన కొన్నిచోట్ల యాప్‌లు ఆ తేడాను కస్టమర్ బిల్లులో కొత్త ఫీజుగా కలిపాయి. కాబట్టి డిస్కౌంట్ శాతం చూసి సంబరపడొద్దు. అదే వంటకం, అదే పరిమాణం రెండు యాప్‌లలో కార్ట్‌లో వేసి చివరి మొత్తం పోల్చండి: డెలివరీ ఫీజు, ప్లాట్‌ఫామ్ ఫీజు, ప్యాకింగ్ చార్జీ, చిన్న ఆర్డర్ ఫీజు, రద్దీ ఫీజు, పన్ను అన్నీ కలిపాక. కూపన్ కనీస మొత్తం దాటించడానికి అక్కర్లేని వంటకం చేర్చితే లాభం పోయినట్టే. మీరు తరచూ తెప్పించుకునే హోటల్ దగ్గర్లోనే ఉండి, సొంతంగా డెలివరీ చేస్తుంటే నేరుగా ఫోన్ చేయండి. కమీషన్ మిగిలితే ఆ వంటగది నిలబడుతుంది. మహమ్మారిలో చాలా చిన్న హోటళ్లు మూతపడ్డాయి, నిలబడినవాటికి ఈ కొంచెమూ పెద్ద సాయమే.

రేటింగులను జాగ్రత్తగా చదవాలి. నాలుగున్నర నక్షత్రాల్లో చాలా భాగం ఎప్పుడో, వేరే వంటవాళ్లు ఉన్నప్పుడు వచ్చినవి కావచ్చు. ‘కొత్తవి ముందు’ అని వరుస మార్చి, చివరి నెలలో వచ్చినవే చూడండి. రుచి గురించి ఒకరికొకరు పొసగని మాటలు ఉంటాయి, వదిలేయండి. ‘కారిపోయింది’, ‘ఐటమ్ మిస్సయింది’, ‘చల్లగా వచ్చింది’ అనే మాటలు పదే పదే కనిపిస్తే అక్కడ ప్యాకింగ్ పద్ధతిలోనే లోపముంది. కొత్త పేరున్న హోటల్ అయితే చిరునామా తెరిచి చూడండి. ఒకే వంటగది నాలుగైదు పేర్లతో యాప్‌లో కనిపించడం కొవిడ్ కాలంలో బాగా పెరిగింది. అది మోసమనలేం, కానీ ఒక పేరు మీద చేదు అనుభవమైతే అదే చిరునామా ఉన్న మిగతా పేర్లనూ పక్కన పెట్టొచ్చు.

వేరే ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఆర్డర్ పెట్టేవాళ్లు తప్పనిసరిగా చేయాల్సింది, తీసుకునేవాళ్ల ఫోన్ నంబర్ మార్చడం. లేకపోతే రైడర్ గేటు దగ్గర నిలబడి ఎక్కడో ఉన్న మీకు ఫోన్ చేస్తుంటాడు. ఓటీపీ మీ ఫోన్‌కే వస్తుంది కాబట్టి రైడర్ బయల్దేరగానే దాన్ని వాళ్లకు చెప్పి ఉంచండి.

టిప్ ఆన్‌లైన్‌లోనే ఇవ్వండి, డెలివరీ అయ్యాక ఇచ్చే వీలుంటే అప్పుడే. ఆ మొత్తం పూర్తిగా రైడర్‌కే చేరుతుందో లేదో యాప్ నిబంధనల్లో ఒకసారి చూసుకోండి. ఆలస్యానికి కారణం వంటగది అయినప్పుడు రైడర్‌కి తక్కువ స్టార్లు ఇవ్వొద్దు, ఆ స్టార్లు అతని సంపాదన మీద పడతాయి. హోటల్‌కి, రైడర్‌కి విడివిడిగా రేటింగ్ ఇచ్చే వీలు చాలా యాప్‌లలో ఉంది.

రీఫండ్ కావాలంటే తినడానికి ముందే పని మొదలుపెట్టాలి. కవరు విప్పకముందు సీల్, బిల్లు స్టికర్ కనపడేలా ఒక ఫొటో, విప్పాక డబ్బాలన్నీ వరసగా పెట్టి ఒక ఫొటో తీయండి. బిల్లులోని వరుసలతో డబ్బాలు సరిపోలకపోతే అదే ఆర్డర్ పేజీలోని హెల్ప్‌లోకి వెళ్లి, ఏ ఐటమ్ రాలేదో ఎంచి ఫొటో జతచేయండి. ‘మొత్తం బాగాలేదు’ అన్న ఫిర్యాదు కన్నా ‘రెండు రావాల్సింది ఒకటే వచ్చింది’ అన్నది త్వరగా తేలుతుంది. యాప్ వాలెట్‌లో క్రెడిట్ ఇస్తామంటుంది. డబ్బు కట్టిన కార్డుకో ఖాతాకో తిరిగి కావాలంటే ఒప్పుకోకముందే ఆ మాట చెప్పాలి, ఒకసారి వాలెట్‌లో పడ్డాక మార్చడం కష్టం. క్యాన్సిల్ చేయాలనుకుంటే హోటల్ ఆర్డర్ ఒప్పుకోకముందే చేయండి. వంట మొదలయ్యాక చాలా యాప్‌లు పూర్తి మొత్తం పట్టుకుంటాయి.

కస్టమర్ కేర్ నంబర్ కోసం మాత్రం ఇంటర్నెట్‌లో వెతకొద్దు. యాప్‌ల పేర్లతో దొంగ నంబర్లు పెట్టి, రీఫండ్ ఇస్తామని నమ్మించి ఖాతాలు ఖాళీ చేసేవాళ్లు ఉన్నారు. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమన్నా, లింకులో కార్డు వివరాలు నింపమన్నా, డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నా ఫోన్ పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ గానీ ఓటీపీ గానీ అక్కర్లేదు. సహాయం కోసం యాప్ లోపలి చాట్‌నే వాడండి.